తిరిగి రాగలిగే దీవి

జనవరి 17, శుక్రవారం. ఆత్మకూరు

జోయల్ ఇవాళ కూడా సముద్రాలు పంపాడు. స్టాఫ్ రూమ్‌లో ఫోన్ తెరిస్తే వరసగా వీడియోలు. మాల్దీవులు, బాలి, మారిషస్, అండమాన్. అన్నిట్లోనూ ఒకటే నీలం, ఒకటే ఇసుక. ఎవరో ఒక పిల్ల టోపీ పెట్టుకుని నీళ్ళ వైపు పరిగెత్తుతూ వెనక్కి చెయ్యి చాపుతుంది. ఆ పిల్లకు ఇన్ని సెలవులు ఎవరిచ్చారో గాని, నా పెళ్ళికి సెలవు అడిగితే మా కరస్పాండెంటు మూతి ముడుచుకున్నాడు.

“ఏది బాగుండాదో చెప్పు సుజనా, బుక్ చేస్తా” అని కింద రాశాడు. మర్రిపాడు సబ్‌స్టేషన్‌లో కూర్చుని మీటర్లు చూసుకోవలసిన మనిషి. చుట్టూ రాళ్ళు, మేకలు, బద్వేలు లారీలు. అక్కడ కూర్చుంటే ఎవరికైనా నీళ్ళే గుర్తొస్తాయేమో.

“అన్నీ బాగుండాయి” అని పంపాను. అది జవాబు కాదని నాకు తెలుసు. పాపం, ఆయన దానికి కూడా పువ్వు బొమ్మ పంపాడు.

ఆదివారం మొదటి ప్రకటన. మా ఉదయగిరి చర్చిలో పాస్టరయ్య మా ఇద్దరి పేర్లూ చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమంటాడు. అట్లా మూడు ఆదివారాలు చదివాకే పెళ్ళి. ఆ మూడింటికీ అమ్మ చర్చిలో కూర్చోవాలంటోంది. నెల్లూరు డాక్టరు ఏమి చెప్పాడో ఇక్కడ రాయను.

జనవరి 18

రాయకపోతే మాత్రం లేకుండా పోతుందా. అమ్మకు లివర్ నిండా పాకింది. ఇక ఇచ్చే మందులన్నీ నొప్పికే. “ఇంట్లో శుభకార్యం ఏదైనా ఉంటే ముందుకు జరుపుకోండి” అన్నాడట డాక్టరు నాయనతో, తలెత్తకుండా. వేసవికి అనుకున్న పెళ్ళి ఫిబ్రవరి ఆరుకు వచ్చింది అందుకే.

ఊళ్ళో అందరికీ “గ్యాస్ ట్రబుల్” అని చెబుతున్నాం. అమ్మకు కూడా.

జనవరి 19, ఆదివారం. ఉదయగిరి

మొదటి ప్రకటన అయింది. అమ్మ ఎప్పుడూ ఆడవాళ్ళ వైపు చాప మీద ముందు కూర్చుంటుంది. ఇవాళ వెనక గోడ పక్కన కుర్చీలో. నా పేరు చదివినప్పుడు వెనక్కి తిరిగి చూశాను. కళ్ళు మూసుకుని ఉంది. ప్రార్థన అనుకున్నాను. నొప్పి అని తర్వాత తెలిసింది.

మధ్యాహ్నం పక్కింటి జాన్‌బీ వచ్చి తినిపించింది. అమ్మకు స్టీలు చెంచా నోట్లో పెడితే చేదుగా, ఇనుము నాకినట్టు ఉంటోందట. జాన్‌బీ వాళ్ళది కొయ్య చెంచాలు చెక్కే ఇల్లు. అమ్మ కోసం ఒకటి చిన్నగా, పసిపిల్లల నోటికి సరిపోయేటట్టు చెక్కి తెచ్చింది. దాంతో పెడితే రెండు ముద్దలు ఎక్కువ తింది. నేను వారం నుంచి బతిమాలుతుంటే తినని మనిషి.

జోయల్ పంపిన వీడియోలు చూపించమంది. దిండుకు ఆనుకుని, వేలితో ఒక్కొక్కటే తోస్తూ చూసింది. తను పనిచేసే అంగన్‌వాడీలో పిల్లలకు బొమ్మల చార్టు చూపించేటప్పుడు పెట్టే మొహం పెట్టింది.

“ఇదేంది?”

“అండమాన్ అమ్మా. మన దేశమే. మెడ్రాసులో విమానం ఎక్కితే పొద్దున్నే దిగిపోవచ్చు.”

“మన దేశమా. అయితే వద్దులే. ఇదో?”

“మారిషస్.”

అమ్మ వేలు ఆగిపోయింది. “మోరీసు దీవి ఇదేనా?” అంది. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. వాళ్ళ అవ్వ చెప్పేదట. అవ్వకు మేనమామ వరసాయన ఒకడు మెడ్రాసులో ఓడెక్కి మోరీసుకు పోయాడట, చెరుకు తోటల్లో పనికి.

“మళ్ళీ వచ్చినాడా?”

“రాలా.”

“చచ్చిపోయినాడేమో.”

“ఏమో. మా అవ్వ మటుకు మంచిగా ఉండాడు అనేది. కబురు రాలేదు కదా, మంచిగానే ఉంటాడు అనేది. చచ్చేదాకా అట్నే అనింది.” ఫోన్ నా చేతికిచ్చి కళ్ళు మూసుకుంది. “ఇక్కడికే పోండి మీరు. బో దూరం కదా?”

దూరమే. సోషల్ టీచర్ని, నాకు తెలియదా. మడగాస్కర్ పక్కన.

జనవరి 21

అండమాన్ నయం. పాస్‌పోర్టు అక్కర్లేదు. భాష ఇబ్బంది లేదు. ఇంగ్లీషు తిండి తినలేక చావనక్కర్లేదు.

జనవరి 22

పాస్‌పోర్టు నాకు ఉంది. ఎప్పుడైనా కావాల్సొస్తుందని అమ్మే పట్టుబట్టి తీయించింది. అది వచ్చిన రోజు కవరు చింపి ముక్కు దగ్గర పెట్టుకుని, కొత్త పుస్తకం వాసన వస్తోందని నవ్వింది.

ఎవరికి చెబుతున్నాను ఈ సాకులు? ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. నిన్న సాయంత్రం గదిలో కూర్చుని చూసింది బీచ్‌లు కాదు. ఎక్కడి నుంచి ఎంత త్వరగా ఇల్లు చేరవచ్చో చూశాను. మారిషస్ నుంచైతే విమానం మారాలి, రోజూ ఉండదు, రెండో రోజుకు గాని ఉదయగిరి చేరలేను. మాల్దీవుల్లో పడవ దొరకాలి, మళ్ళీ విమానం దొరకాలి. బాలి చెప్పనక్కర్లేదు. అండమాన్‌లో పొద్దున విమానం ఎక్కితే సాయంత్రానికి మా ఇంటి గడపలో ఉంటాను.

హనీమూన్‌కు ఎవరైనా దీవిని ఇట్లా ఎంచుకుంటారా? పోయేటప్పుడు బాగుందా అని కాదు, రావడానికి వీలుందా అని. సిగ్గేసింది. అయినా మళ్ళీ చూశాను.

జనవరి 26, ఆదివారం. ఉదయగిరి

రెండో ప్రకటన. అమ్మను తమ్ముడు శాంతి మోటారు సైకిల్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు, వెనక నేను పట్టుకుని. వాడు ఎన్నడూ అంత నెమ్మదిగా బండి నడపలేదు. మొబైల్ షాపులో పనిచేస్తూ ఊరంతా దుమ్ము లేపే వెధవ.

ఇంటికొచ్చాక నా పెళ్ళి చీర చూపించమంది. తెల్ల పట్టు, సన్నటి జరీ అంచు. ఒళ్ళో వేసుకుని నిమిరింది. తర్వాత నన్ను తలుపు వేయమంది.

“నా పెళ్ళి వరికుంటపాడులో అయింది, తెలుసు కదా నీకు. పెళ్ళయిన వారానికే మా అమ్మ పోయింది.”

“తెలుసు.”

“అది తెలుసు. ఇది తెలీదు. సమాధికి తెల్ల చీర కట్టుకోవాల కదా. ఇంకొక తెల్ల చీర యాడిది మాకు? పెళ్ళి చీరే కట్టుకోని పోయినా. అంచుకు మన్ను అంటుకునింది. ఇంటికొస్తే మీ నాయనమ్మ ఆ మన్ను చూసి, ‘కాలు పెట్టిన వేళ బాగుండాదే’ అనింది. బైబిలు చదివే మనిషే అనింది. ఆమె బతికినన్నాళ్ళూ, ఏది చెడినా ఆ మాటే. నా పెళ్ళి అంటే నాకు పాటలు గుర్తు రావు సుజనా, ఆ మన్నే గుర్తొస్తాది.”

గ్యాస్ ట్రబుల్ అన్న మాట నా నోటికి వచ్చి లోపలికి పోయింది.

“నీ చీరకు మన్ను అంటకూడదు. నాకు తెలుసు నాకేందో. నాయన చెప్పలేదులే, మొహం చెప్పింది. నువ్వు మోరీసుకు పోవాల. అంత దూరంలో ఉంటే ఎవురూ పిలవలేరు, నువ్వూ రాలేవు. వారం దినాలు సంతోషంగా ఉండి రా. తర్వాత ఏడ్చుకో. ఎవురు వద్దన్నారు?”

“నీకేమీ కాదమ్మా” అన్నాను.

అంతకంటే బుద్ధిలేని మాట ఇంకొకటి ఉండదు. అమ్మ నవ్వింది.

జనవరి 29. ఆత్మకూరు

జోయల్ డ్యూటీ దిగి వచ్చాడు. బస్టాండు ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి అంతా చెప్పాను. నాకు కోపం వచ్చినప్పుడే మాటలు బాగా వస్తాయి, కాబట్టి కోపంగానే చెప్పాను. అమ్మ చావు దగ్గర నేను ఉండకూడదని అమ్మే ఏర్పాట్లు చేస్తోందని, అది నా వల్ల కాదని.

“అయితే ఎక్కడికీ వద్దులే. ఇంట్లోనే ఉందాం” అన్నాడు.

“పోకపోతే నా వల్ల ఆగిపోయినారని ఇంకా కుంగిపోతాది.”

గ్లాసు బల్ల మీద పెట్టాడు. “మారిషస్ అని చెప్దాం. అండమాన్‌కు పోదాం. ఏదన్నా అయితే పొద్దున బయల్దేరి సాయంత్రానికి నిన్ను ఇంట్లో దింపుతా. సరేనా?”

ఆ మాటకు బస్టాండులోనే ఏడుపు వచ్చింది. పెళ్ళి చూపుల్లో నా జీతం, ఇంక్రిమెంటు అడిగిన మనిషి ఇతనేనా అనుకున్నాను. నచ్చాడు. ఇంతవరకు ఊరికే ఒప్పుకున్నాను, ఇవాళ నచ్చాడు.

ఫిబ్రవరి 2, ఆదివారం

మూడో ప్రకటనకు అమ్మ రాలేకపోయింది. శాంతి ఫోన్‌లో చూపించాడు. పాస్టరయ్య అభ్యంతరం ఉందా అని అడిగి ఆగాడు. ఎవరూ పలకలేదు.

ఫిబ్రవరి 6

అయింది. అమ్మ కూర్చుంది. చివరి ప్రార్థన దాకా కూర్చుంది.

ఫిబ్రవరి 8. కలిగిరి

అత్తగారు రెబెకమ్మ మంచిదే. కొంచెం నోరు ఎక్కువ. “మీ అమ్మను చూస్తే నాకు భయమేస్తా ఉండాది. ఈ టైములో విమానాలు, దీవులు ఏందిరా మీకు?” అని జోయల్‌ను తిట్టింది. ఆయన బూటు తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఆమెకు కూడా మారిషస్ అనే చెప్పాం. ఒకరికి తెలిస్తే ఊరికి తెలుస్తుంది.

ఫిబ్రవరి 9, ఆదివారం. ఉదయగిరి

కొత్త జంటగా ఇద్దరం మా చర్చికి వెళ్ళి ఇంటికొచ్చాం. అమ్మ, శాంతి లోపలి గదిలో ఉన్నారు, తలుపు వేసి ఉంది. అమ్మ గొంతు వినిపిస్తోంది. ఆగి ఆగి, పిల్లలకు పాఠం చెబుతున్నట్టు. ప్రార్థన చేసుకుంటోందేమో అనుకున్నాను. నన్ను చూసి శాంతి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అడిగితే “దుమ్ము” అన్నాడు.

అమ్మ పసుపు పచ్చ పూల గౌను తెప్పించి ఉంచింది నా కోసం. నేను జీవితంలో వేసుకోని రకం. “వీడియోలో ఆ పిల్ల ఇట్లాంటిదే కదా వేసుకునింది” అంది. అమ్మ కాళ్ళు పట్టుకుని వాచిన చోట వేలితో నొక్కాను. గుంట పడి చాలాసేపు అట్లాగే ఉంది.

“పొద్దస్తమానం ఫోన్ చెయ్యబాక. మందు వేసుకుంటే నిద్ర వస్తాది నాకు. నేనే మాట్లాడి పంపిస్తాలే” అంది.

జోయల్‌ను దగ్గరకు పిలిచి చెవిలో ఏదో చెప్పింది. ఆయన తల ఊపాడు. ఏమిటని అడిగితే “నిన్ను బాగా చూసుకోమన్నారు” అన్నాడు. దానికి చెవిలో చెప్పాలా?

ఫిబ్రవరి 11. అండమాన్, హేవ్‌లాక్

పొద్దున విమానం, తర్వాత ఓడ. నీళ్ళు వీడియోలో ఉన్నట్టే ఉన్నాయి. అది నాకు కోపం తెప్పించింది. ఇంత అందంగా ఉండటానికి ఇది సమయమా?

సిగ్నల్ గదిలో లేదు, బయట కొబ్బరి చెట్టు దగ్గర ఉంది. సాయంత్రం అమ్మే వీడియో కాల్ చేయించింది. పసుపు గౌను వేసుకుని నిలబడ్డాను. అమ్మ చూసి “ఎంత బాగుండావే” అంది. గొంతు నూలు పోగంత. నాకు ఆగలేదు. అమ్మకు అబద్ధం చెప్పి ఈ గౌనులో నిలబడలేకపోయాను.

“అమ్మా, మేము మోరీసు పోలేదు. అండమాన్‌లో ఉండాము.”

తెర మీద అమ్మ మొహం కదలలేదు. సిగ్నల్ పోయిందేమో అనుకున్నాను.

“దగ్గరే కదా అది” అంది చివరికి.

“దగ్గరే. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి వచ్చేస్తా.”

“మాట వినవు కదే నువ్వు. చిన్నప్పుటి నుంచీ అంతే.” తిట్టిందో ముద్దు చేసిందో తెలియలేదు. “అండమాన్” అని ఒకసారి అనుకుంది, పేరు గుర్తుపెట్టుకుంటున్నట్టు. తర్వాత నాయన ఫోన్ తీసుకుని మందు వేళయిందన్నాడు.

చెప్పేశాను. మనసు తేలికపడింది.

ఫిబ్రవరి 12

పొద్దున లేచేసరికి జోయల్ గదిలో లేడు. ఒడ్డున ఒక్కడే నడుస్తున్నాడు, ఫోన్ చెవికి పెట్టుకుని. వచ్చాక చూస్తే కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఉప్పు నీళ్ళు పడలేదట. మొహం కడుక్కోవడానికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

శాంతి నంబరు నుంచి అమ్మ మాట వచ్చింది. రికార్డు చేసి పంపింది. “సుజనా, తిన్నావా? మోరీసులో ఎండ జాస్తిగా ఉండాదా? నీళ్ళలోకి లోతుకు పోబాక. అక్కడ మనోళ్ళు ఎవరన్నా కనపడినారా? అడిగి చూడు, నెల్లూరోళ్ళు ఉంటారు.”

గొంతు బాగుంది. నిన్నటి కంటే చాలా బాగుంది.

మోరీసు అంది. నిన్న చెప్పాను కదా అండమాన్ అని.

ఇంటికి ఫోన్ చేశాను. నాయన ఎత్తలేదు. శాంతి ఎత్తలేదు. అమ్మ ఫోన్‌కు చేస్తే జాన్‌బీ ఎత్తింది. వెనక చాలామంది ఉన్న సందడి. “మీ అమ్మ నిద్రపోతా ఉండాది బిడ్డా” అంది. “ఆ సందడేంది?” అంటే “టీవీ” అంది. మా ఇంట్లో టీవీ చెడిపోయి ఏడాది.

“అమ్మ మోరీసు అంటా ఉంది, నిన్న అండమాన్ అని చెప్పినా కదా” అన్నాను.

“మత్తు మందు కదమ్మా. మరిచిపోతా ఉంటాది.” ఆ మాట అని పెట్టేసింది.

మత్తు మందే. డాక్టరు కూడా చెప్పాడు, మనుషులను, మాటలను కలిపేసుకుంటారని. మరిచిపోతోందంటే మందు పనిచేస్తోందన్నమాట. నొప్పి లేదన్నమాట. గొంతు కూడా అందుకే బాగుంది.

టీవీ బాగు చేయించి ఉంటారు.

మధ్యాహ్నం భోజనం దగ్గర జోయల్ చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు, తినలేదు. నా మొహంలోకి చూస్తూ, “సుజనా, ఇంటికి పోదామా?” అన్నాడు.

“ఎందుకు?”

“ఊరికే. నీకు పోవాలనుందేమోనని.”

చేప ముల్లు తీసుకుంటూ ఉన్నాను. ఆ ముల్లు మొత్తం జాగ్రత్తగా తీసి పక్కన పెట్టాను. “వచ్చిన మర్నాడే పోయేదేంది? అమ్మ బాగుండాది కదా. పొద్దున మాట్లాడింది కూడా” అన్నాను.

ఆయన ఇంకేమీ అడగలేదు. ఎందుకు అడగలేదు? ఇంకొక్కసారి అడిగి ఉంటే.

ఫిబ్రవరి 13

పొద్దున్నే మెలకువ వచ్చింది. కొబ్బరి చెట్టు దగ్గర కూర్చుని ఫోన్‌లో ఏవో చూశాను. తర్వాత నీళ్ళలో దిగాను, మెడ వరకు. సాయంత్రం వరకు అక్కడే ఉన్నాను.

అమ్మ మాట వచ్చింది. “మోరీసులో చెరుకు తోటలు ఉంటాయంట. చూసినావా?”

చూశానమ్మా అని పంపాను.

ఫిబ్రవరి 14

అమ్మ మాట వచ్చింది. జోయల్‌ను బాగా చూసుకోమంది. కోపం తగ్గించుకోమంది. ఇంటికి తొందరపడి రావద్దంది. గొంతు బాగుంది.

నాయనతో మాట్లాడాను. అమ్మ నిద్రపోతోందట. “తిన్నావా నాయనా” అంటే “తిన్నా” అన్నాడు. “అమ్మ తినిందా?” అంటే ఒక్క క్షణం ఆగి “నిద్రపోతా ఉండాది” అన్నాడు మళ్ళీ.

జోయల్ ఫొటోలు తీశాడు. అన్నిట్లోనూ నవ్వుతున్నాను. వీడియోలో ఆ పిల్ల లాగానే వెనక్కి చెయ్యి చాపమన్నాడు. చాపాను.

ఫిబ్రవరి 15

అమ్మ నిద్రపోతోంది. మందు వల్ల.

మాట వచ్చింది. వినలేదు. రేపు ఎలాగూ వెళుతున్నాం కదా.

ఫిబ్రవరి 16, ఆదివారం. ఉదయగిరి

మెడ్రాసులో దిగి కారు మాట్లాడుకున్నాం. ఆత్మకూరు దాటాక జోయల్ కారు ఆపించాడు. డ్రైవరును టీ తాగి రమ్మని పంపాడు.

“సుజనా, ఒక మాట చెప్పాల.”

“ఇంటికి పోయినాక చెప్పండి.”

“ఇప్పుడే చెప్పాల.”

“ఇంటికి పోయినాక” అన్నాను. గట్టిగా అరిచినట్టున్నాను. రోడ్డు పక్కన మేకలు కాసుకునే ముసలామె తలెత్తి చూసింది. జోయల్ స్టీరింగు వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఇంటి ముందు కొత్తగా చల్లిన సున్నం ఇంకా పోలేదు. వసారాలో అద్దె కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, పట్టుకుపోవడానికి ఎవరూ రాలేదు కాబోలు. నాయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. జాన్‌బీ వచ్చి నన్ను పట్టుకుంది. ఆమె చేతులకు కొయ్యపొట్టు ఉంది. అది నా పసుపు గౌనుకు అంటింది.

నేను పడిపోలేదు. అరవలేదు. “ఎప్పుడు?” అన్నాను.

“వీడియోలో నీతో మాట్లాడినాక, ఆ రాత్రే” అన్నాడు నాయన.

ఫిబ్రవరి 17

సమాధి చర్చి వెనక, కొండ వైపు. మన్ను అప్పుడే ఎండి బీటలు వేసింది. నన్ను పసుపు గౌనులోనే తీసుకెళ్ళారు. తెల్ల చీర కట్టుకుంటానంటే నాయన ఒప్పుకోలేదు. “ఆమె వద్దనింది. చివరాఖరికి కూడా అదే చెప్పింది. నేను ఆమె చెప్పినట్టే చేసినా. నీకు చెప్పనీలేదు, పిలవనీలేదు. జోయల్‌కు మటుకే చెప్పమనింది, అది కూడా నీకు చెప్పొద్దని చెప్పడానికే.”

తువ్వాలుతో మొహం తుడుచుకుని అన్నాడు, “ఒక్కదాంట్లో మటుకు వినలా. పోయిన మర్నాడే చెయ్యాల, ఐసు డబ్బా తెప్పించుకోని పడుకోబెట్టబాకండి అనింది. నేను తెప్పించినా. పదమూడు పొద్దుగూకేదాకా ఉంచినా. నీకే ఏదన్నా అనిపించి వస్తావేమోనని. గేటు చప్పుడైతే చూసినా.”

ఊళ్ళో అంటున్నారట, కూతురు సముద్రంలో ఆడుకుంటుంటే తల్లిని పూడ్చుకున్నారని. అననీ. అందులో అబద్ధం ఏముంది?

అత్తగారు కలిగిరి నుంచి వచ్చింది. కాలు పెట్టిన వేళ గురించి ఎత్తలేదు. నా తల మీద చెయ్యి పెట్టి, “నేనైతే పిలిపించి ఉందును” అంది జోయల్ వైపు చూస్తూ. అమ్మ ఇన్ని ఏర్పాట్లు చేసింది ఈమె నోటికి భయపడే. ఈమె ఏమీ అనలేదమ్మా.

సాయంత్రం జోయల్ నా పక్కన కూర్చున్నాడు. “మీ అమ్మ నా చెవిలో మాట తీసుకునింది. ఆ రోజు అడిగినా కదా, పోదామా అని. నువ్వు ఊ అని ఉంటే మాట తప్పి ఉందును. నీకు నిజంగా తెలీదు కదా?”

“తెలీదు” అన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఊరట కలిగినట్టుంది. ఇది ఇక మా ఇద్దరి మధ్య ఇట్లాగే ఉండిపోతుంది.

ఫిబ్రవరి 18

శాంతి అమ్మ ఫోన్ తెచ్చి ఇచ్చాడు. నా మీద కోపంగా ఉన్నాడు. కోపంగా ఉండటమే న్యాయం.

“అన్నీ తొమ్మిదో తేదీనే చెప్పి పెట్టింది. ఏ రోజుకు ఏది పంపాలో కూడా చెప్పింది. మోరీసు, మోరీసు అని. నువ్వు అండమాన్ అని చెప్పేసరికి మళ్ళీ మొత్తం మార్చాల అనింది. అప్పుడు ఆమెకు ఊపిరే అందడం లేదు. ఒకటి మొదులు పెట్టింది. పంపేటట్టు లేదు, పంపలేదు. నీకు కావాలంటే విను.”

పెరట్లోకి వెళ్ళి విన్నాను.

“అండమాన్‌లో” అంది అమ్మ. తర్వాత ఊపిరి. “సుజనా, అండమాన్‌లో ఎండ” అంది. మళ్ళీ ఊపిరి, చాలాసేపు, రంపం కోస్తున్నట్టు. నాయన గొంతు వినిపించింది, “చాల్లే హన్నా. ఆ మోరీసువే పంపిస్తాంలే. పడుకో.”

“దానికి తెలిసిపోతాది” అంది అమ్మ.

అక్కడితో అయిపోయింది.

తెలిసిపోయిందమ్మా. పన్నెండు పొద్దున నువ్వు మోరీసు అనగానే తెలిసింది. నువ్వు మరిచిపోయే మనిషివా? పదమూడు పొద్దున కొబ్బరి చెట్టు దగ్గర కూర్చుని చూసింది ఆ రోజు విమానమే. ఎక్కి ఉంటే నాయన గేటు వైపు చూస్తున్నప్పుడు వచ్చేదాన్ని. నీ మొహం చూసేదాన్ని. కానీ ఎక్కితే నువ్వు లేవని నేనే ఒప్పుకున్నట్టు. ఎక్కకపోతే మధ్యాహ్నానికి ఇంకో మాట వస్తుంది.

సీట్లు ఖాళీగా ఉన్నాయి. చూసి, ఫోన్ ఒడ్డున పెట్టి, నీళ్ళలో దిగాను.